ది కిడ్ లరోయ్: పదిహేడేళ్లకే పట్టిక శిఖరానికి చేరిన సిడ్నీ గాయకుడి ప్రస్థానంపై చర్చ

లయజ్ఞ:

సభ్యులందరికీ నమస్కారం. ఆస్ట్రేలియా పాప్, ర్యాప్ సంగీతంలో గత కొన్నేళ్లలో అందరికంటే వేగంగా పైకి వచ్చిన పేరు ది కిడ్ లరోయ్. అసలు పేరు చార్ల్టన్ హోవార్డ్. 2003 ఆగస్టు 17న సిడ్నీలో పుట్టాడు. కెనడా పాప్ గాయకుడు జస్టిన్ బీబర్‌తో కలిసి పాడిన ‘స్టే’ 2021 జూలై 9న విడుదలై, అమెరికాలో ఏ పాటకు ఎంత ఆదరణ ఉందో వారం వారం చెప్పే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో, ఆగస్టు 14 తేదీతో వెలువడిన సంచికలో, మొదటి స్థానానికి చేరింది. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు నిండడానికి ఇంకా మూడు రోజులు ఉన్నాయి. అదే నెలలో అతని మిక్స్‌టేప్ (అసలైన స్టూడియో ఆల్బముకు ముందు వెలువరించే పాటల సంకలనం) కూడా అమెరికా ఆల్బముల పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ మిక్స్‌టేప్ పేరులో ఒక బూతుమాట ఉన్నందున దాన్ని ఇక్కడ రాయడం లేదు. ‘మొదటి మిక్స్‌టేప్’ అనే వ్యవహరిద్దాం.

ఇంత చిన్న వయసులో వచ్చిన విజయం గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు సాధారణంగా రెండే కారణాలు చెబుతారు. టిక్‌టాక్ పుణ్యమా అని రాత్రికి రాత్రి పైకి వచ్చాడని కొందరు, పెద్ద కంపెనీ డబ్బు పోసి తయారు చేసిందని మరికొందరు అంటారు. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. అయినా ఈ యువకుడి విషయంలో ఆ రెండూ చాలవని నా గట్టి నమ్మకం. సిడ్నీలోని స్కూలు రోజుల నుంచి 2019 డిసెంబరు దాకా అతను చేసిన శిష్యరికాన్ని పక్కన పెడితే ఆ తర్వాత జరిగినదేదీ అర్థం కాదు. ఆ ప్రాంతాన్ని దగ్గరగా చూసినవారు, సంగీతం తెలిసినవారు, పట్టికల లెక్కలు తెలిసినవారు ఈ వేదికలో ఉన్నారు కనుక అందరూ వివరంగా రాయాలని కోరుతున్నాను.

పర్రమట్ట నివాసి:

లయజ్ఞ గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. సిడ్నీలో చాలాకాలంగా ఉంటున్నాను కనుక ఊరి సంగతి నేను చెబుతాను. లరోయ్ బాల్యంలో ఎక్కువ భాగం గడిచిన వాటర్లూ, దాని పక్కనే ఉన్న రెడ్‌ఫర్న్, నగరం నడిబొడ్డుకు దక్షిణంగా కూతవేటు దూరంలో ఉంటాయి. నగర కేంద్రంలోని గాజు భవనాల నుంచి రైలెక్కితే కొద్ది నిమిషాల్లోనే వాటర్లూ వస్తుంది. 2024 ఆగస్టులో అక్కడ మెట్రో స్టేషను కూడా ప్రారంభమైంది. స్టేషను బయటికి రాగానే ముప్పై అంతస్తుల ప్రభుత్వ గృహ సముదాయాలు రెండు, మటావై, టురంగా అనేవి, కళ్ల ముందు నిలబడతాయి. అద్దె భరించలేని కుటుంబాల కోసం 1970లలో కట్టినవి. వాటి చుట్టూ అదే తరహా చిన్న భవనాలు చాలా ఉన్నాయి. వీధికి ఒకవైపు కోట్ల విలువ చేసే కొత్త ఫ్లాట్లు, మరోవైపు ఆరేసిన బట్టలతో నిండిన పాత బాల్కనీలు ఉంటాయి. ఈ రెండు ప్రపంచాలూ ఒకే కాలిబాటను పంచుకోవడం నేను సిడ్నీలో మరెక్కడా ఇంత దగ్గరగా చూడలేదు.

రెడ్‌ఫర్న్‌కు మరో ప్రాముఖ్యం ఉంది. నగరానికి వలస వచ్చిన ఆస్ట్రేలియా ఆదివాసులకు అది దశాబ్దాలుగా కేంద్రం. ఆదివాసులు తమ కోసం తామే నడుపుకొనే న్యాయ సహాయ సంస్థ 1970లో, వైద్యశాల 1971లో అక్కడే పుట్టాయి. స్థానిక ప్రజల భూమిని లాక్కున్నామని, పిల్లలను తల్లుల నుంచి విడదీశామని ప్రధాని పాల్ కీటింగ్ 1992 డిసెంబరు 10న బహిరంగంగా ఒప్పుకున్న ప్రసంగం కూడా రెడ్‌ఫర్న్ పార్కులోనే జరిగింది. లరోయ్ తల్లి వైపు పూర్వికులు కమిలరోయ్ జాతివారు. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు ఉత్తర భాగంలో మోరీ, టామ్‌వర్త్ పట్టణాల చుట్టూ వ్యాపించిన నేల వారిది. తన రంగస్థల నామాన్ని అతను ఆ జాతి పేరు నుంచే తీసుకున్నాడు. పేరు ప్రపంచమంతా మారుమోగుతున్నా, అందులో ఒక ఆదివాసీ జాతి ఉన్నదని విదేశీ శ్రోతల్లో చాలామందికి తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

తండ్రి సౌండ్ ఇంజనీరు, తల్లి సంగీతకారుల మేనేజరు. అంటే ఇంట్లో డబ్బుకు కొరత ఉన్నా పాటకు కొరత లేదు. అతను చిన్నవాడిగా ఉన్నప్పుడే తల్లిదండ్రులు విడిపోయారు. కుటుంబం కొంతకాలం బ్రోకెన్ హిల్ అనే గనుల పట్టణంలో కూడా ఉంది. సిడ్నీకి పడమరగా సుమారు 1,100 కిలోమీటర్ల దూరంలో ఎడారి అంచున ఉంటుందా ఊరు. తిరిగి సిడ్నీకి వచ్చాక, కళలకు ప్రాధాన్యమిచ్చే ఒక స్కూల్లో స్కాలర్‌షిప్‌తో చదివాడు.

గోదావరి గట్టు:

అందరికీ నమస్కారం. నేను సంగీత పరిశోధకురాలిని కాను, ఇద్దరు పిల్లల తల్లిని. మా పెద్దబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు, ఈ గాయకుడి పాటలు రోజూ వింటాడు. వాడితో గొడవ పెట్టుకోవడం ఇష్టం లేక నేనూ శ్రద్ధగా కొన్ని విన్నాను. గొంతులో నిజమైన వేదన ఉన్నదని ఒప్పుకుంటాను. కానీ మాటల్లో బూతులు ఎక్కువ, మత్తుమందుల ప్రస్తావన ఎక్కువ, విడిపోయిన అమ్మాయిల మీద నిందలు మరీ ఎక్కువ. పైగా అతను గురువుగా భావించిన గాయకుడే మత్తుమందులు అతిగా తీసుకొని చనిపోయాడని చదివాను. ఇలాంటి పాటల్లో పిల్లలు ఏం వెతుక్కుంటున్నారు? వాళ్లను వారించాలా, పక్కన కూర్చుని వినాలా? ఈ చర్చలో పట్టికల లెక్కలతో పాటు దీనికి కూడా ఎవరైనా సమాధానం చెబితే సంతోషిస్తాను.

లయజ్ఞ:

గోదావరి గట్టు గారూ, మీ ప్రశ్న చర్చకు ఎంతమాత్రం దూరం కాదు, నిజానికి అసలు విషయం అక్కడే ఉంది. ఆ గురువు గురించి ముందు చెబుతాను.

2018లో లరోయ్ తన తొలి చిన్న ఆల్బము ‘14 విత్ ఎ డ్రీమ్’ విడుదల చేశాడు. పేరే చెబుతున్నట్లు అది పద్నాలుగేళ్ల బాలుడి కల. అదే ఏడాది ట్రిపుల్ జె అనే జాతీయ యువజన రేడియో హైస్కూలు విద్యార్థుల కోసం నడిపే ‘అన్‌ఎర్త్‌డ్ హై’ పోటీలో తుది జాబితా దాకా వచ్చాడు. ప్రభుత్వ ప్రసార సంస్థ అయిన ఏబీసీలో ట్రిపుల్ జె ఒక భాగం. ఆ దేశంలో కొత్త గాయకులకు అది పెద్ద ద్వారం. అప్పుడే అమెరికన్ ర్యాపర్ జ్యూస్ వరల్డ్ ఆస్ట్రేలియా పర్యటనలో, ప్రధాన కచేరీకి ముందు పాడే అవకాశం లరోయ్‌కు లభించింది. షికాగోకు చెందిన లిల్ బిబ్బీ స్థాపించిన గ్రేడ్ ఎ సంస్థ జ్యూస్ వరల్డ్ సంగీతాన్ని నడిపించేది. లరోయ్‌ను కూడా ఆ సంస్థ, కొలంబియా రికార్డ్స్‌తో కలిసి, తన నీడలోకి తీసుకుంది. కుర్రాడు లాస్ ఏంజెలెస్ చేరి కొంతకాలం జ్యూస్ వరల్డ్ ఇంట్లోనే ఉన్నాడు.

జ్యూస్ వరల్డ్ పాట కాగితం మీద రాసేవాడు కాదు. మైకు ముందు నిలబడి, తాళం నడుస్తుండగా మాటనూ రాగాన్నీ కలిపి అప్పటికప్పుడు అల్లేవాడు. అదే పాటగా రికార్డయ్యేది. ఇలా ఆశువుగా పాడే పద్ధతిని పదిహేను, పదహారేళ్ల వయసులో పక్కనే కూర్చుని రోజూ చూడడం ఏ సంగీత పాఠశాలలోనూ దొరికే శిక్షణ కాదు. మన గురుకులాలలో శిష్యుడు గురువు ఇంట్లో ఉండి వినికిడి ద్వారానే సగం విద్య నేర్చుకున్న తీరుకు ఇది చాలా దగ్గరగా ఉంది.

2019 డిసెంబరు 8న జ్యూస్ వరల్డ్ షికాగోలో మరణించాడు. అప్పటికి ఇరవై ఒకటో పుట్టినరోజు దాటి ఆరు రోజులే అయింది. మాదకద్రవ్య లక్షణమున్న నొప్పి మాత్రలు శరీరంలో ఎక్కువై ప్రాణం పోయిందని అధికారులు తేల్చారు. లరోయ్‌కు అప్పుడు పదహారేళ్లు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు వచ్చిన అతని పాటలన్నీ ఈ మరణం నీడలో వెలువడినవని గుర్తు పెట్టుకుని వింటే, మత్తుమందుల ప్రస్తావన గొప్పలు చెప్పుకోవడం కోసం రాలేదని తెలుస్తుంది. ఒక అన్నలాంటివాణ్ని పోగొట్టుకున్న కుర్రాడు పాడుతున్న పాటలవి. మాటల్లోని మొరటుతనాన్ని నేను సమర్థించను. అమ్మాయిల మీద నిందల విషయంలో మీరు చెప్పినది అక్షరాలా నిజం. అయితే ఆ శోకాన్ని తీసేసి ఆ పాటలను తూచడం న్యాయం కాదు.

మంద్రస్థాయి:

నేను వయోలిన్ నేర్పుతాను. పాశ్చాత్య పాప్ సంగీతాన్ని కూడా అదే శ్రద్ధతో వింటాను. ‘స్టే’ గురించి సాంకేతికంగా కొంత రాయాలని ఉంది, ఎందుకంటే అది తేలికైన పాట అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది.

పాట మొత్తం నిడివి 2 నిమిషాల 21 సెకన్లు. వేగం నిమిషానికి సుమారు 170 దెబ్బలు, అంటే పరుగు లాంటి నడక. అమెరికన్ గాయకుడు, సంగీతకారుడు చార్లీ పుత్ సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) మీద వాయించిన చిన్న స్వరపల్లవి ఒకటి మొదలవుతుంది, దాని వెంటనే లరోయ్ గొంతు నేరుగా పల్లవితోనే ప్రవేశిస్తుంది. సాధారణంగా పాప్ పాటలో చరణం ముందు వచ్చి పల్లవి కోసం శ్రోతను ఎదురు చూసేలా చేస్తుంది. ఇక్కడ ఆ నిరీక్షణ లేదు. మాట తప్పానని ఒప్పుకునే మనిషి, ఉపోద్ఘాతం లేకుండా తప్పుతోనే మొదలుపెట్టినట్లు ఉంటుంది. ఆ తర్వాత అతని చరణం, మళ్లీ పల్లవి, బీబర్ చరణం, చివర పల్లవితో ముగింపు. పాట మధ్యలో రాగం మారే ‘బ్రిడ్జ్’ అనే భాగం లేదు, ఊపిరి తీసుకునే చోటు కూడా లేదు.

నన్ను ఎక్కువగా ఆకర్షించినది వాయిద్యానికీ మాటకూ మధ్య ఉన్న వైరుధ్యం. సింథసైజర్ స్వరాలు 1980ల నాటి డాన్సు పాటల్లాగా ఉల్లాసంగా, మేజర్ స్కేలులో ఉంటాయి. మాటలు మాత్రం వేడికోలు. గొంతు పై స్థాయికి వెళ్లినప్పుడు లరోయ్ దాన్ని సున్నితంగా మార్చడు. ఛాతీ నుంచే నెట్టి, చివర్లో కొద్దిగా గీరుకుపోయేలా వదులుతాడు. శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న మన చెవికి మొదట అది దోషంగా వినిపించవచ్చు. కాని బీబర్ వచ్చి అదే రాగాన్ని నునుపుగా పాడినప్పుడు తేడా తెలుస్తుంది: ఒకరు పాడుతున్నారు, మరొకరు బతిమాలుతున్నారు. ఈ రెండు గొంతులనూ ఒకే పాటలో పక్కపక్కన ఉంచడం దాన్ని తయారుచేసినవారి తెలివి. పుత్‌తో పాటు క్యాష్మీర్ క్యాట్, బ్లేక్ స్లాట్కిన్, ఓమర్ ఫెడీ దానికి పనిచేశారు.

ఆ గొంతు అసలు స్వభావం తెలియాలంటే మాత్రం ‘వితౌట్ యూ’ వినాలి. ఫెడీ గిటారే దానికి ఆధారం. తీగలు మీటిన చప్పుడు, వాటి మీద ఈ గీరుకుపోయే గొంతు తప్ప చెప్పుకోదగిన అలంకారమేదీ ఉండదు. ర్యాపరు అని పిలవబడే కుర్రాడు ఇందులో ర్యాప్ దాదాపు వదిలేసి, అమెరికా పల్లె బాణీ అయిన కంట్రీ సంగీతపు గాయకుడిలాగా కథ చెబుతాడు. 2021 ఏప్రిల్‌లో అమెరికన్ గాయని మైలీ సైరస్ గొంతు చేరిన కొత్త ప్రతి వచ్చాక ఆ పాట అమెరికాలో ఎనిమిదో స్థానానికి చేరింది. ‘స్టే’కు ముందే అతను పాప్ వైపు తిరిగాడని చెప్పడానికి నాకు ఇదే సాక్ష్యం.

అంకెల పట్టిక:

మంద్రస్థాయి గారి విశ్లేషణ చదివాక పాటను మళ్లీ విన్నాను. చాలా నచ్చింది. ఇక పట్టికల పని తీరు నేను వివరిస్తాను. ఈ కెరీర్‌లో అది పక్కన పెట్టదగిన విషయం కాదు.

మొదటి మిక్స్‌టేప్ 2020 జూలై 24న వచ్చింది. దానికి సరిగ్గా రెండు వారాల ముందు, జూలై 10న, జ్యూస్ వరల్డ్ మరణానంతర ఆల్బము విడుదలై సంచలనం సృష్టించింది. అందులోని ‘హేట్ ది అదర్ సైడ్’ పాటలో మార్ష్‌మెల్లో, పోలో జీలతో పాటు లరోయ్ కూడా ఉన్నాడు. ఆ పాట హాట్ 100లో పదో స్థానం దాకా వెళ్లింది. గురువు కోసం ఎదురు చూసిన శ్రోతలంతా శిష్యుడి పేరు ఆ వారమే విన్నారు.

ఆ తర్వాత కంపెనీ చేసిన పని గమనించదగినది. కొత్త ఆల్బము అని వేరుగా వేయకుండా, అదే మిక్స్‌టేప్‌కు కొత్త పాటలు చేర్చి 2020 నవంబరులో ఒకసారి, 2021 జూలైలో మరోసారి విడుదల చేశారు. అమెరికా పట్టిక నిబంధనల ప్రకారం విస్తరించిన ప్రతులను మూల ఆల్బముతో కలిపే లెక్కిస్తారు. ఆ రోజుల్లో డబ్బు కట్టినవారు విన్న 1,250 స్ట్రీములు (అంటే ఆన్‌లైన్‌లో పాట విన్న సార్లు) లేదా ఉచితంగా విన్న 3,750 స్ట్రీములు ఒక ఆల్బము అమ్మకంతో సమానం. కాబట్టి ‘వితౌట్ యూ’ విన్నా, ‘స్టే’ విన్నా లెక్క మొత్తం ఒకే ఖాతాలో పడింది. మొదటి వారంలో ఎనిమిదో స్థానంలో ఉన్న మిక్స్‌టేప్, నవంబరు ప్రతితో మూడుకు ఎగబాకి, ఏడాది తర్వాత మొదటి స్థానానికి వచ్చింది. ఆస్ట్రేలియాలో అయితే అది 2021 ఫిబ్రవరిలోనే ఆ దేశపు అధికారిక పట్టిక అయిన ఆరియా ఆల్బముల పట్టికలో మొదటి స్థానం పొందింది. ఆ ఘనత సాధించిన ఆస్ట్రేలియన్ సోలో కళాకారుల్లో అతనే అతి చిన్నవాడు.

దీన్ని మోసమనలేము. నిబంధనలు అందరికీ ఒకటే, పాటలు జనం నిజంగానే విన్నారు. కానీ దీనికి మూల్యం ఉంది. పదహారేళ్ల కుర్రాడి మొదటి ప్రయత్నం మూడు విడతలుగా పెరిగి అతని ఏకైక చిరునామా అయిపోయింది. మొదటి అసలైన స్టూడియో ఆల్బము ‘ది ఫస్ట్ టైమ్’ 2023 నవంబరు 10న గాని రాలేదు. ‘స్టే’ తర్వాత రెండేళ్ల నాలుగు నెలలు గడిచాయి. పాప్ సంగీతంలో అది చిన్న విరామం కాదు.

మెల్‌బోర్న్ విద్యార్థి:

నేను ఇక్కడికి చదువుకోవడానికి వచ్చాను. హిప్‌హాప్ అంటే ప్రాణం. పెద్దలు అనుమతిస్తే ఎవరూ ప్రస్తావించని ఒక విషయం చెబుతాను. లరోయ్ పాటల్లో ఆస్ట్రేలియా యాస వినిపించదు. మాట్లాడేటప్పుడు సిడ్నీ కుర్రాడే, పాడేటప్పుడు అట్లాంటాలోనో షికాగోలోనో పుట్టినట్లు ఉంటాడు. ఆస్ట్రేలియా హిప్‌హాప్‌లో ఇది చాలా పాత వివాదం. అడిలైడ్‌కు చెందిన హిల్‌టాప్ హుడ్స్ అనే ర్యాప్ బృందం వారు తమ యాసను వదలకుండానే దేశంలో అగ్రస్థానానికి వెళ్లారు. ఆస్ట్రేలియాకు చెందిన ర్యాపర్ ఇగ్గీ అజేలియా 2014లో ‘ఫ్యాన్సీ’తో అమెరికాలో మొదటి స్థానం పొందింది గాని, అమెరికా దక్షిణాది నల్లజాతి యాసను అరువు తెచ్చుకుందన్న విమర్శ ఆమెను ఆ తర్వాత వదల్లేదు.

లరోయ్ ఎదుగుతున్న రోజుల్లోనే పశ్చిమ సిడ్నీలోని మౌంట్ డ్రూయిట్ నుంచి వన్‌ఫోర్ అనే బృందం వచ్చింది. పసిఫిక్ ద్వీపాల కుటుంబాల పిల్లలు, డ్రిల్ అనే కటువైన ర్యాప్ శైలి, పూర్తిగా స్థానిక యాస. 2019లో పోలీసుల ఒత్తిడి వల్ల వారి దేశవ్యాప్త పర్యటనే రద్దయింది. ఒకే నగరం, ఒకే కాలం. ఒకరికి అమెరికా తలుపులు తెరుచుకున్నాయి, మరొకరికి సొంత ఊరి వేదికలే మూసుకుపోయాయి. లరోయ్ ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే అతని యాస, అమెరికన్ సంస్థ, ప్రేమ వైఫల్యపు కథలు అతనికి సులభంగా దారి ఇచ్చాయని, తన వీధి గురించి తన యాసలో పాడి ఉంటే ఇదే ప్రయాణం ఇంత వేగంగా సాగేది కాదని నా అభిప్రాయం.

ఆదివాసీ ర్యాపర్లలో కూడా వేరే దారి పట్టినవారు ఉన్నారు. బ్రిగ్స్, ట్రయల్స్ కలిసి ఏ.బి. ఒరిజినల్ పేరుతో 2016లో తెచ్చిన ఆల్బము రాజకీయంగా నిప్పు లాంటిది. ఆర్న్‌హెమ్ ల్యాండ్‌కు చెందిన బేకర్ బాయ్ తన యోల్ఙు మాతా భాషలో ర్యాప్ చేసి, 2019లో యంగ్ ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్ గౌరవం అందుకున్నాడు. వాళ్ల పాటల్లో నేల ఉంది. లరోయ్ పాటల్లో ఆ నేల పేరులో తప్ప పెద్దగా వినిపించదు.

పర్రమట్ట నివాసి:

తమ్ముడూ, బాగా రాశావు. వన్‌ఫోర్ సంగతి ఇక్కడి తెలుగువారిలో చాలామందికి తెలియదు, చెప్పినందుకు సంతోషం. కాని చివరి మాటతో నేను ఏకీభవించలేను. ఆదివాసీ మూలాలున్న ప్రతి కళాకారుడూ ఆ మూలాల గురించే పాడాలని మనం కోరడం వాళ్ల మీద మరో బరువు మోపడమే. చిన్న వయసులోనే తన జాతి పేరును తన పేరుగా ఎంచుకున్న కుర్రాడు, కోట్లమంది నోట ఆ శబ్దాన్ని పలికించాడు. అది పాటలో రాసిన రాజకీయం కాకపోవచ్చు గాని చిన్న విషయం మాత్రం కాదు.

మా అమ్మాయి చదివే స్కూల్లో ప్రతి సభా ఈ నేల అసలు యజమానులైన జాతిని స్మరించే వాక్యంతో మొదలవుతుంది. మన తెలుగు సంఘాల ఉగాది వేడుకల్లో కూడా ఇప్పుడు ఆ వాక్యం చదువుతున్నారు. చదివేవారిలోనూ వినేవారిలోనూ చాలామందికి అది ఒక లాంఛనంగానే మిగిలింది. కమిలరోయ్ అనే జాతి ఒకటున్నదని, దాని నేల ఎక్కడ ఉన్నదో పటంలో చూడాలని మా అమ్మాయికి మొదట అనిపించింది ఈ గాయకుడి వల్లనే. ఆ తర్వాతే ఆమె బేకర్ బాయ్ పాటలు వెతుక్కుని విన్నది.

యాస గురించి కూడా ఒక్క మాట. వాటర్లూలో పెరిగిన పిల్లలు పుట్టినప్పటి నుంచి అమెరికన్ ర్యాప్ వింటూనే పెరిగారు. పాడేటప్పుడు ఆ యాస రావడం వాళ్లకు వేషం వేసుకోవడం కాదు, పాట అనేదాన్ని వాళ్లు మొదట విన్న తీరు అది.

మెల్‌బోర్న్ విద్యార్థి:

అన్నగారూ, మీ మాటను గౌరవిస్తాను. బరువు మోపకూడదన్నది నాకు సబబుగానే తోచింది. యాస విషయంలో మాత్రం నా అభిప్రాయం నాదే. మొదట విన్న తీరులోనే పాడాలంటే హిల్‌టాప్ హుడ్స్ కూడా న్యూయార్క్ యాసలోనే పాడి ఉండాలి. వాళ్లు విన్నదీ అమెరికన్ ర్యాపే కదా.

అంకెల పట్టిక:

‘స్టే’ తర్వాతి అంకెలు కూడా క్లుప్తంగా చెప్పి నా పని ముగిస్తాను. ఆ పాట హాట్ 100లో మొత్తం ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. స్పాటిఫై అనే పాటల యాప్‌లో 300 కోట్ల సార్లకు పైగా విన్నారు. 2022లో అమెరికా సంగీత పురస్కారాలైన గ్రామీల్లో ఉత్తమ కొత్త కళాకారుల విభాగంలో లరోయ్‌కు నామినేషన్ వచ్చింది, బహుమతి ఒలీవియా రోడ్రిగో అందుకుంది. ఆ పైన ‘థౌజండ్ మైల్స్’ 2022లో, ‘లవ్ అగైన్’ 2023 జనవరిలో వచ్చాయి. కొరియా బృందం బీటీఎస్ గాయకుడు జంగ్‌కుక్, లండన్ ర్యాపర్ సెంట్రల్ సీలతో కలిసి ‘టూ మచ్’ 2023 అక్టోబరులో చేశాడు. అన్నీ బాగానే ఆడాయి, ఏదీ ‘స్టే’ దరిదాపులకు రాలేదు. ‘ది ఫస్ట్ టైమ్’ అమెరికాలో మొదటి పది స్థానాల్లోకి కూడా వెళ్లలేదు.

దీన్ని పతనమనడం తొందరపాటు. ఆస్ట్రేలియా గాయకుడు గోట్యే 2012లో అమెరికాలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉన్నాడు. ఆ తర్వాత సొంత పేరు మీద మరో ఆల్బమే తేలేదు. టోన్స్ అండ్ ఐ అనే గాయని 2019లో వచ్చిన ‘డాన్స్ మంకీ’తో సొంత దేశపు పట్టికలో 24 వారాల రికార్డు సృష్టించింది. ఆ పాట నీడ నుంచి బయటపడడం ఆమెకూ కష్టమే అయింది. ప్రపంచమంతా మోగిన పాట ఒకటి వచ్చాక ఆస్ట్రేలియన్ కళాకారులకు ఇది పదే పదే ఎదురయ్యే పరిస్థితి. వారితో పోలిస్తే లరోయ్ ఎరీనాలలో, అంటే వేలమంది పట్టే పెద్ద వేదికలలో, పాడే స్థాయిని నిలుపుకున్నాడు.

లయజ్ఞ:

మీ అంకెలతో విభేదించను గాని, ఒక కోణం చేర్చాలి. 2021లో ఈ కుర్రాడి మీద ఉన్న ఒత్తిడి చూడండి. ఆ ఏడాది జూన్‌లో బీబర్ మేనేజరుగా పేరుపొందిన స్కూటర్ బ్రాన్ సంస్థ అతని వ్యవహారాలు చేపట్టింది. కొద్ది నెలలకే అతను ఆ సంస్థను వదిలి మరొక మేనేజరు దగ్గరకు వెళ్లాడు. పెద్ద పాట శిఖరం మీద ఉన్న సమయంలోనే చుట్టూ ఉన్న పెద్దలు మారిపోవడం పద్దెనిమిదేళ్ల వ్యక్తికి తేలిక కాదు. స్టూడియో ఆల్బము ఆలస్యానికి వ్యాపార కారణాలు ఎన్నైనా ఉండవచ్చు. నాకు మాత్రం, గురువు లేని శిష్యుడు తన గొంతు తానే వెతుక్కోవడానికి పట్టిన కాలంగా అది కనిపిస్తుంది.

2024 ఫిబ్రవరి 29న ప్రైమ్ వీడియోలో వచ్చిన ‘కిడ్స్ ఆర్ గ్రోయింగ్ అప్’ డాక్యుమెంటరీ ఇందుకు ఆధారం. మైకేల్ రాట్నర్ తీసినది. అందులో విజయాల కంటే జ్యూస్ వరల్డ్ మరణం, దాని తర్వాత లరోయ్ మనసులో మిగిలిన దుఃఖం నన్ను ఎక్కువగా పట్టి ఉంచాయి. అదే ఏడాది అక్టోబరు 6న సిడ్నీ ఒలింపిక్ పార్కులో జరిగిన రగ్బీ లీగ్ గ్రాండ్ ఫైనల్‌కు ముందు అతను పాడాడు. ఆ ఆట సిడ్నీ శ్రామిక ప్రాంతాలకు ప్రాణం, రెడ్‌ఫర్న్‌లో పుట్టిన సౌత్ సిడ్నీ జట్టు ఆ పేటకు కులదైవం లాంటిది. ఆ మైదానంలో పాడమని పిలుపు రావడం, సొంత ఊరి దృష్టిలో, అమెరికా పట్టికలో మొదటి స్థానం కంటే తక్కువేమీ కాదు.

గోదావరి గట్టు:

మీరందరూ రాసినది చదివాక మా అబ్బాయితో కలిసి ఆ డాక్యుమెంటరీ చూశాను. చూస్తున్నంతసేపూ వాడు ఫోను పక్కన పెట్టాడు. జ్యూస్ వరల్డ్ గురించి వచ్చిన భాగంలో వాడే ఆపి, నొప్పి మాత్రలతో మనిషి ఎలా చనిపోతాడని నన్ను అడిగాడు. మా ఇంట్లో ఆ విషయం మీద మాట్లాడుకోవడం అదే మొదటిసారి. వారించాలా, పక్కన కూర్చోవాలా అన్న నా ప్రశ్నకు నాకు దారి దొరికింది. బూతుల విషయంలో, అమ్మాయిల మీద నిందల విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది, అది వాడికీ చెప్పాను. కొన్ని పాటలను ‘నిజంగానే అన్యాయంగా మాట్లాడాడు’ అని వాడూ అన్నాడు. ఇక మిగతా పాటలు ఏ వరుసలో వినాలో మంద్రస్థాయి గారు చెబితే మేమిద్దరం కలిసి వింటాము.

మంద్రస్థాయి:

తప్పకుండానమ్మా. మొదట ‘వితౌట్ యూ’ ఒంటరి ప్రతి వినండి, మైలీ సైరస్ ఉన్నది తర్వాత వినవచ్చు. ఆ గొంతుకు అలవాటు పడ్డాక ‘గో’ వినండి. 2020 జూన్‌లో వచ్చిన ఆ పాటలో జ్యూస్ వరల్డ్ చరణం, లరోయ్ చరణం పక్కపక్కనే ఉంటాయి కనుక శిష్యుడు ఏది తీసుకున్నాడో, ఏది వదిలేశాడో మీ అబ్బాయి తానే పట్టుకోగలడు. ఆ తర్వాత ‘స్టే’, చివరగా ‘లవ్ అగైన్’. చివరి పాటలో గిటారు మళ్లీ ముందుకు వస్తుంది, గొంతు మాత్రం 2020 నాటి కంటే నిదానించింది, మాటల్లో నింద తగ్గి విచారం పెరిగింది. స్ట్రీమింగ్ యాప్‌లలో బూతుమాటలు తీసేసిన ప్రతులకు ‘క్లీన్’ అని రాసి ఉంటుంది, లేదా అసలు ప్రతి పక్కన ఉండే ‘ఈ’ గుర్తు వాటికి ఉండదు. వెతికేటప్పుడు అది చూసుకోండి. ‘గో’ విన్నాక మీ అబ్బాయి ఏమన్నాడో ఇక్కడ రాయండి, నాకు తెలుసుకోవాలని ఉంది.